బర్మా ఇంటి మెట్టు

"మళ్ళీ అరుగు మీదే పడుకున్నాడు."

పట్టాభిరామయ్య ఈ మాట భార్యతో అనలేదు, తల్లితో అంతకన్నా అనలేదు. నూతి పళ్ళెం మీద నిలబడి, పందుంపుల్ల నములుతూ, ఎదురుగా ఉన్న అరటిచెట్టుతో అన్నాడు. కాని అది ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. వంటింటి గడప అవతల మడిబట్టతో కూర్చున్న బాలాత్రిపురసుందరమ్మ చేతిలో జపమాల ఆగింది.

"హైమా, నీ మొగుడు చెట్లతో మాట్లాడుతున్నాడు, చూశావా," అందావిడ కోడలితో.

హైమవతి చూడకపోవడమేం, నాలుగు రోజుల నుంచీ అదే చూస్తోంది. తల్లీ కొడుకూ మాటలు మానేశారు. ఆయన చెట్లకి చెబుతాడు, ఆవిడ కోడలికి చెబుతుంది. ఇద్దరి మధ్యా రాయబారం నడపలేక హైమవతికి పప్పులో ఉప్పు వేసిందీ లేనిదీ గుర్తుండడం లేదు.

తగువంతా రంగూను నుంచి వచ్చిన మాంగ్ సాన్ గురించి. పట్టాభిరామయ్య దగ్గర చిత్రకళ నేర్చుకోవడానికి బందరు వచ్చిన కుర్రవాడు. అతని కోసమే దొడ్డిగోడ అవతలి స్థలంలో ఇల్లొకటి తయారై ఉంది. ఎత్తయిన కొయ్యస్తంభాల మీద బర్మా టేకు ఇల్లు. కప్పు మీద కప్పు, దాని మీద ఇంకో చిన్న కప్పు, కొసన శిఖరం, చూరు చుట్టూ చెక్కిన లతలు. బందరు బందరంతా వచ్చి మెడలు నొప్పెట్టేలా చూసి వెళ్ళింది. లోపల పట్టెమంచం వేసి, దోమతెర కట్టి, కూజాలో నీళ్ళు పోసి పెట్టారు. కుర్రవాడు మాత్రం చీకటి పడేసరికి చాప చంకన పెట్టుకుని వచ్చి, మాస్టారి వీధి అరుగు మీద ముడుచుకుని పడుకుంటున్నాడు.

"ఏమేవ్," అన్నాడు పట్టాభిరామయ్య మొహం కడుక్కుంటూ. "మీ అత్తగారిని అడుగు. తన ఇంట్లో తన కూర వండుకునే స్వతంత్రం లేకపోతే అది వాడి ఇల్లెలా అవుతుందో అడుగు."

"విన్నాన్లే. హైమా, నేనన్నది ఎండుచేపల్ని, పిల్లాణ్ణి కాదు. గోడ ఇవతలికి ఆ వాసన రాకుండా చూసుకోమన్నాను. ఆ కుర్రాడు తలూపి నవ్వాడు కూడాను. నవ్వినవాడికి కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో మీ ఆయన్నే చెప్పమను."

"పరాయి ఊరొచ్చినవాడు నవ్వక ఏం చేస్తాడుట?"

"ఆ పరాయి ఊరొచ్చినవాడికి జాడీలో మాగాయ పంపించింది ఎవరుట?"

పట్టాభిరామయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "హైమా, నాకీ పూట అన్నం వద్దు," అని దొడ్డితలుపు తీసుకుని బర్మా ఇంటి వైపు వెళ్ళిపోయాడు. ఆయనకి కోపం వస్తే చేసేది అదొక్కటే. మధ్యాహ్నానికి మళ్ళీ ఆకలేస్తుంది, అది వేరే సంగతి.

ఏ దేశం నుంచి వచ్చిన కుర్రవాడికి ఆ దేశపు ఇల్లు ఉండాలన్నది ఆయన ఊహ. చిలకలపూడి దారిలో ఉన్న ఈ స్థలం నాగాయలంక రైతు సీతారామయ్యగారు ఇచ్చారు. ముందు సింహళం ఇల్లు లేచింది. తరవాత బర్మా ఇల్లు. జావా ఇల్లు పునాదుల్లో ఉంది. డ్రాయింగు మాస్టారుగా పనిచేసి విరమించుకున్న పట్టాభిరామయ్య సముద్రం దాటినవాడు కాదు. మద్రాసు కూడా ఒక్కసారే చూశాడు. బొమ్మలు చూసి గీశాడు, గీసినవి చూసి వడ్రంగి జీవానందం కట్టాడు.

సింహళం ఇంట్లో విల్సన్ అనే కుర్రవాడు హాయిగా ఉన్నాడు. అతనికి వచ్చిన తెలుగు మాట 'బాగుంది' ఒక్కటే. మీ ఊళ్ళో ఇళ్ళు ఇలాగే ఉంటాయా అంటే బాగుంది అంటాడు, దోమలు కుడుతున్నాయా అంటే బాగుంది అంటాడు. అందుచేత ఆ ఇల్లు సరిగ్గా కుదిరిందో లేదో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

హైమవతి బియ్యం కడుగుతూ దొడ్డితలుపు సందులోంచి భర్తని చూసింది. ఆయన బర్మా ఇంటి మెట్లు టపటపా ఎక్కి, వసారా కొయ్యకమ్మీల మీద అవిసెనూనె గుడ్డతో రుద్దుతున్నాడు. కుర్రవాడికి ముందే అప్పగించినా, నలుగురి ముందు ప్రవేశం రేపే. సీతారామయ్యగారు వస్తారు, ఊళ్ళో పెద్దలు వస్తారు.

ఈ మనిషి పెళ్ళయిన కొత్తలో ఫిడేలు మొదలుపెట్టాడు, సరళీ స్వరాల దగ్గర ఆపాడు. గోడ మీద సీతారామ కల్యాణం వెయ్యడం మొదలుపెట్టాడు, సీతమ్మకి ఈ రోజుకీ మొహం లేదు. తనకి తృప్తిగా పూర్తిచేసిన పని అంటూ ఆయన జీవితంలో ఉంటే అది ఈ బర్మా ఇల్లే. శిఖరం ఎక్కించిన నాడు ఆయన జీవానందం చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఇంట్లో ఆ కుర్రవాడు ఎందుకు ఉండడం లేదో తెలుసుకోకపోతే ఈ మనిషి ఏమైపోతాడో అని హైమవతికి గుబులుగా ఉంది.

ఆమె గిన్నె దించేసి లేచింది.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

"పూలు కోసుకొస్తానండీ."

"పూలంటే గుర్తొచ్చింది. ఆ కుర్రాడు రోజూ మన నందివర్ధనం చెట్టు కింద రాలిన పూలు ఏరుకుపోయి ఆ ఇంటి కింది మెట్టు మీద పెడుతున్నాడు. కోసినవి కావు, రాలినవే. నేను చూశాను. ఎందుకో కనుక్కో."

ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారో బాలాత్రిపురసుందరమ్మకి తెలియకుండా జరగదు. కళ్ళు మూసుకుని జపం చేసుకునేది పేరుకే.

మాంగ్ సాన్ జావా ఇంటి పునాదిగోడ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన రేకుపెట్టె, చుట్టిన చాప ఉన్నాయి. పెట్టెకి తాడు కట్టి ఉంది. హైమవతి ముందు ఆ తాడునే చూసింది.

"ఎక్కడికి నాయనా ప్రయాణం?"

కుర్రవాడు లేచి నిలబడ్డాడు. రంగూను రేవులో పనిచేసే శ్రీకాకుళం వాళ్ళ మధ్య పెరిగాడు కనక తెలుగు ధారాళంగానే వస్తుంది.

"రేపు పొద్దుటి రైలుకి ఎల్తానమ్మా. గుడివాడ మీదుగా కాకినాడ. అక్కడ స్టీమరు ఉంది. ఒంట్లో బాగులేదని మాస్టారికి సెప్పండి."

"ఒంట్లో బాగులేనివాడు నిన్న మూడుసార్లు అన్నం వేయించుకోడు. నిజం చెప్పు. మా అత్తయ్యగారు చేపల గురించి అన్నదానికి మనసు కష్టపెట్టుకున్నావా?"

"అయ్యో, లేదమ్మా. మా అమ్మమ్మా అంతే. ఉపోసం నాడు పొయ్యి దగ్గరికి ఎవర్నీ రానివ్వదు."

"మరి?"

కుర్రవాడు బర్మా ఇంటి వంక చూశాడు. పైన పట్టాభిరామయ్య గుడ్డ పట్టుకుని అటునుంచి ఇటు నడుస్తున్నాడు. ఇంకా పని సాగుతున్న చోటు కనక కాళ్ళకి చెప్పులున్నాయి. ఆ చెప్పులు చెక్క మీద చప్పుడు చేసినప్పుడల్లా కుర్రవాడు మొహం అటు తిప్పేసుకుంటున్నాడు. హైమవతి కింది మెట్టు వంక చూసింది. రెండు నందివర్ధనాలున్నాయి. ఒకటి నలిగిపోయింది.

"ఆ పువ్వు ఎవరికి పెడుతున్నావు?" అంది మెల్లిగా.

అతను చాలాసేపు కాలి బొటనవేలితో ఇసుక మీద గీతలు గీశాడు.

"మీరు మాస్టారికి సెప్పకూడదమ్మా."

"ముందు నాకు చెప్పు."

"అది ఇల్లు కాదమ్మా." గొంతు బాగా తగ్గించాడు. "అలాగ కప్పు మీద కప్పేసి కట్టేది మా పొంగీలకి. పొంగీలంటే మా సన్నాసులు. వాళ్ళ మఠాలకి కడతారు, ఎనకటికి రాజుకి కట్టేవారు. మాలాటోళ్ళు దాని కింద కాళ్ళు సాపుకుని పడుకోరు. మెట్టు కిందే సెప్పులు ఇడిసేసి, దణ్ణం పెట్టి ఎక్కుతారు."

హైమవతి ఆ మూడు కప్పుల వంక చూసింది.

"అందులో బుద్ధుడు లేడు, పొంగీ లేడు. నాకూ తెలుసు. పడుకుందామనే ఎల్లాను మొదటి రోజు. కాలు పైకి ఎల్లలేదమ్మా."

"మరి ఈ మాట ఆయనతోనే అనొచ్చుగా. ఆయన కోప్పడతారా?"

"కోప్పడరు, అందుకే సెప్పలేను. మాకు గురువంటే బుద్ధుడి తరవాత అంతటోడు. నా కోసం కట్టాడు ఆయన. ఇది తప్పని ఎలా సెప్తాను?"

అందుకని పెట్టెకి తాడు కట్టుకున్నాడు. హైమవతికి ఆ కుర్రవాడి మీద కోపం రావలసిందిపోయి జాలేసింది. ఒకరి మనసు నొప్పించకూడదని ఒకరు సముద్రం దాటి వెళ్ళిపోతానంటున్నారు. ఇంకొకరు తల్లితో మాటలు మానేశారు.

"సాయంత్రం దాకా ఆ తాడు విప్పి ఉంచు," అంది. "రైలు రేపటికి కదా."

చెప్పక తప్పదు. చెప్పాలనే ఆమె మెట్ల దగ్గరికి వెళ్ళింది. పట్టాభిరామయ్య పైనుంచి వంగి చూసి, పొద్దుటి కోపం మరిచిపోయి నవ్వాడు.

"హైమా, ఇలా రా. ఈ పక్కనుంచి చూస్తే శిఖరం మీద ఎండ పడి ఎలా ఉందో చూడు."

"బాగుందండీ," అంది హైమవతి. అని, తాను కూడా విల్సన్‌లా తయారయినందుకు తనని తానే తిట్టుకుంది.

ఆయన మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకున్నాడు. "నేను గుడివాడలో వారాలు చేసుకుని చదువుకున్న రోజుల్లో, రోజుకొకరి ఇంట్లో భోజనం, ఎవరి అరుగు ఖాళీగా ఉంటే దాని మీద పడక. వాన జల్లు కొడితే గోడకి కరుచుకుపోయేవాణ్ణి. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, పాపం అందరూ మంచివాళ్ళే. కాని తెల్లారి లేచి చాప చుట్టేటప్పుడు ఏడుపొచ్చేది. ఇంకో పిల్లాడు అలా చాప చుట్టకూడదనే కదే ఇదంతా." చేతిలో గుడ్డ మడత పెడుతూ అన్నాడు, "ఈ పొద్దున వాడు చాప చుడుతుంటే చూశాను."

హైమవతి చెప్పదలుచుకున్నది చెప్పకుండానే ఇంటికి వచ్చేసింది.

మధ్యాహ్నం పట్టాభిరామయ్యకి అనుకున్నట్టే ఆకలేసింది. విస్తరి ముందు కూర్చుని, ఎటూ చూడకుండా పప్పన్నం కలుపుతున్నాడు. అత్తగారు గోడవైపు తిరిగి కూర్చుంది. హైమవతి నెయ్యి వడ్డించి, గిన్నె కింద పెట్టి, ఇంక ఆగలేకపోయింది.

"ఏవండీ, ఆ కుర్రాడు చేపల గురించి అలగలేదు. అత్తయ్యగారిని మీరు ఊరికే ఆడిపోసుకుంటున్నారు."

"మరి?"

"అది ఇల్లు కాదుట."

ముద్ద దగ్గర చెయ్యి ఆగింది.

హైమవతి విన్నదంతా చెప్పింది. మఠాల సంగతి, చెప్పుల సంగతి, పువ్వుల సంగతి. తాడు కట్టిన పెట్టె సంగతి కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ భర్త మొహం చూడలేక నేతిగిన్నె వంకే చూసింది.

వంటింట్లో చారు పొంగి పొయ్యిలో పడ్డ చప్పుడైనా ఎవరూ లేవలేదు.

"శిఖరం పెట్టి, దాని కింద పట్టెమంచం వేశావుట్రా?" అంది బాలాత్రిపురసుందరమ్మ. కోడలితో కాదు, కొడుకుతో. "మన గుళ్ళో మంటపంలో దోమతెర కట్టి పడుకోమంటే నేను పడుకుంటానా? చచ్చినా పడుకోను. ఆ పువ్వు చూసినప్పుడే అనుకున్నాను, ఈ కుర్రాడికేదో ఆచారం ఉందని. నన్నడిగితే నాలుగు రోజుల కిందటే తేలిపోయేది. నాతో మాటలు మానేస్తివి."

పట్టాభిరామయ్య ఆ మాట విన్నట్టు లేడు.

"హైమా, ఆ లక్కపెట్టె తీసుకురా."

రంగూను వెళ్ళొచ్చిన చుట్టమెవరో తెచ్చి ఇచ్చిన పెట్టె అది. హైమవతి అందులో తమలపాకులు పెట్టుకుంటుంది. మూత మీద ఎర్రటి లక్కలో నల్లగీతలతో చెక్కిన బొమ్మ ఉంది, మూడు కప్పుల ఇల్లు, మెట్లు, మెట్ల దగ్గర ఇద్దరు మనుషులు. బర్మా ఇల్లు ఆ బొమ్మలోంచే లేచింది. ఆయన ఎడమచేత్తో మూత పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు.

"వీళ్ళు మోకాళ్ళ మీద ఉన్నారే," అన్నాడు. "చేతులు జోడించి ఉన్నారు. ఎన్నిసార్లు గీశానో ఈ బొమ్మ. మెట్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారనుకున్నాను."

అంతే అన్నాడు. చెయ్యి కడుక్కుని లేచాడు. విస్తట్లో అన్నం అలాగే ఉంది.

"పట్టాభీ," అంది తల్లి. ఆ పిలుపులో పొద్దుటి పెళుసుతనం లేదు. "దించేస్తానని మాత్రం అనకు. ఒకసారి శిఖరం పెట్టాక దించకూడదు. వాళ్ళ దేవుడైనా సరే."

ఉండడానికి వీల్లేదు, దించడానికి వీల్లేదు. రేపు నలుగురూ వచ్చి చూస్తారు. హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భర్త వెనకాలే దొడ్డిలోకి నడిచింది. ఆయన ఎటు వెళ్తాడోనని ఆమె భయం.

ఆయన తిన్నగా మాంగ్ సాన్ దగ్గరికి వెళ్ళాడు. కుర్రవాడు హైమవతి మొహం చూసి సంగతి గ్రహించి తల వంచుకున్నాడు. విల్సన్ కూడా తన వసారాలోంచి లేచి నిలబడ్డాడు.

పట్టాభిరామయ్య జీవానందం చెక్కి వదిలేసిన బల్లచెక్క ఒకటి తీసి అతని ముందు పెట్టాడు. పొయ్యిబొగ్గు ముక్క చేతికిచ్చాడు.

"మీ అమ్మ ఉండే ఇల్లు గీసి చూపించు నాయనా."

"మాస్టారూ, నాను..."

"గీసి చూపించు. నేను చూడాలి."

కుర్రవాడు కూర్చుని గీశాడు. గుంజల మీద లేచిన చిన్న పాక. తాటాకు లాంటి కప్పు, వెదురుతడికల గోడలు, నిచ్చెన. నిచ్చెన పక్కన దారిన పోయేవాళ్ళ కోసం పెట్టిన నీళ్ళకుండ, దాని మీద మూత. కింద గుంజకి కట్టిన దూడ. శిఖరం లేదు, లతలు లేవు. గీస్తూ గీస్తూ కుర్రవాడు నవ్వుకోవడం మొదలుపెట్టాడు, ఎవరూ అడక్కపోయినా దూడకి మచ్చలు పెట్టాడు. ఈ ఊరు వచ్చాక అతను అలా నవ్వడం హైమవతి చూడలేదు.

పట్టాభిరామయ్య ఆ చెక్కని రెండు చేతులతో పట్టుకుని దూరంగా పెట్టి చూశాడు.

"ఇది మన దివిసీమలో వరదకి కట్టుకునే మంచెపాకే," అన్నాడు. "దీనికోసం నేను బర్మా టేకు తెప్పించాను."

ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో హైమవతికి తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

"బాగుంది," అన్నాడు విల్సన్, చెక్క మీదికి వంగి చూసి. మొట్టమొదటిసారి ఆ మాట ఉండవలసిన చోట పడింది.

పొద్దు వాలే వేళకి ఇల్లు కాస్త కుదుటపడింది. బాలాత్రిపురసుందరమ్మ మండువా పక్క గదిలోంచి తన ఊరగాయ జాడీలు బయట పెట్టించింది. "ఆ పాకేదో లేచేదాకా కుర్రాడు ఇందులో ఉంటాడు. గురువుని అంత భక్తిగా చూసుకునేవాణ్ణి వీధి అరుగు మీద పడుకోబెట్టానని నలుగురూ నన్నంటారు. చేపలు మాత్రం గోడ అవతలే." ఈ మాటలన్నీ ఆవిడ కొడుకు మొహం చూసే అంది. మాంగ్ సాన్ పెట్టెకి తాడు విప్పాడు.

రేపటి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. సీతారామయ్యగారితో ఎవరు చెప్పాలి? పట్టాభిరామయ్య పెద్దవాళ్ళకి ఎదురు చెప్పే మనిషి కాదు. ఏదైనా కాదనవలసి వస్తే తలుపు చాటు నుంచి హైమవతే కాదనాలి. ఇన్నేళ్ళూ ఆ కాపరం అలాగే గడిచింది. రేపు ఏ మాట ఎలా అంటే బాగుంటుందో ఆమె మనసులోనే అల్లుకుంటోంది.

అంతలో గేటు దగ్గర ఎడ్ల మువ్వలు వినిపించాయి.

చల్లపల్లి మీదుగా వచ్చిన గూడుబండి. అందులోంచి సీతారామయ్యగారు దిగారు. ఆజానుబాహువు, కాళ్ళకి కిర్రుచెప్పులు. వెనకాల పాలేరు పరుపుచుట్ట దించుతున్నాడు.

"పంతులుగారూ, ఒక పూట ముందే వచ్చేశాను. ఏమనుకోకండి," అన్నారాయన నవ్వుతూ. "రేపు జనం వచ్చాక నాకేం సుఖం ఉంటుంది? ఈ రాత్రి ఆ ఇంట్లో పడుకుంటాను. తెల్లారి బర్మాలో లేచి మొహం కడుక్కుంటానని నాగాయలంకలో అందరికీ చెప్పి మరీ వచ్చాను."

అందరూ లేచి ఒకపక్కకి తప్పుకున్నారు. ఆయన దాన్ని మర్యాద అనుకున్నారు. పరుపు తెమ్మని పాలేరుకి సైగ చేసి, కిర్రుకిర్రుమంటూ బర్మా ఇంటివైపు నడిచారు. మెట్ల ముందు ఆగి, తల పైకెత్తి శిఖరం దాకా చూశారు.

"ఎంత పని చేశారండీ పంతులుగారూ. నా జన్మకి ఇది చాలు."

ఆ మాటకి పట్టాభిరామయ్య మొహం ఎలా మారిందో హైమవతి చూసింది. ఇంతకాలం ఎదురుచూసిన మాట అది. ఇప్పుడు ఊరుకుంటే చాలు, ఆ మాట ఆయనకి దక్కుతుంది.

మాంగ్ సాన్ పునాదిగోడ పక్కన నిలబడి, కనురెప్ప వెయ్యకుండా కింది మెట్టు వంకే చూస్తున్నాడు. పొద్దుటి పువ్వు ఇంకా అక్కడే ఉంది. సీతారామయ్యగారి కాలు లేచి ఆ పువ్వు పక్కనే మెట్టు మీద పడింది.

హైమవతి దొడ్డితలుపు చాటు నుంచి నోరు తెరిచింది. కాని ఆమె కంటే ముందు ఇంకో గొంతు వినిపించింది.

"సీతారామయ్యగారూ, ఆగండి."

పట్టాభిరామయ్య ముందుకు వచ్చి మెట్ల పక్కన నిలబడ్డాడు. తన చెప్పులు ఎప్పుడు విడిచాడో ఏమో, కాళ్ళు ఇసుకలో ఉన్నాయి.

"చెప్పులు విడవండి. విడిచి, ఇలా నా పక్కన కింద కూర్చోండి. ఇది ఎవరి ఇల్లో నేనే మీకు చెప్పాలి."

నాగాయలంకలో సీతారామయ్యగారిని చెప్పులు విడవమన్నవాడు ఈనాటివరకూ పుట్టలేదు. ఆయన వెనక్కి తిరిగి, పంతులుగారిని ఎగాదిగా చూశారు. కాలు మాత్రం మెట్టు మీంచి తియ్యలేదు. పట్టాభిరామయ్య కూడా అన్న మాట వెనక్కి తీసుకోలేదు, తలుపు చాటున హైమవతికి ఈసారి కాదనవలసిన పని మిగల్లేదు.